ఆ మాట విన్నాక ఏం చేశాడు?

కిందటి సంచికలో ఒక చిన్న సలహా రాశాను. కథ అయిపోగానే పిల్లల్ని "ఇందులో నీతి ఏమిటి?" అని అడగడం కొన్నాళ్ళు ఆపి, "ఆ మాట విన్నాక అతను ఏం చేశాడు?" అని అడిగి చూడండి అన్నాను. దాని మీద చాలా ఉత్తరాలొచ్చాయి. ఎలా చేయాలని కొందరు, అసలు ఎందుకు చేయాలని కొందరు అడిగారు. ఒకాయన కోప్పడ్డారు కూడా. ఎక్కువమందికి పనికొచ్చే ప్రశ్నలు ఏరి జవాబులు రాస్తున్నాను. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు ఆదివారం పూట మా వీధి పిల్లలు కథల కోసం మా వరండాలో చేరతారు. ఇక్కడ రాసినవి చాలావరకు ఆ పిల్లల దగ్గర చూసినవే.

ప్రశ్న: మా బాబుకు ఐదేళ్ళు, యూకేజీ. పాత్రలూ వాటి మధ్య సంబంధాలూ అంటూ ఇంత చిన్నవాడితో ఏం మాట్లాడతామండీ? వాడికి కథ వింటూ నిద్రపోవడమే తెలుసు. — ఒక తల్లి, ఏలూరు

ఐదేళ్ళవాడి దగ్గర 'పాత్ర' అన్న మాటే అక్కర్లేదమ్మా. ఏడు చేపల కథ వాడికి వచ్చే ఉంటుంది. రాకపోతే ఈ రాత్రే చెప్పండి. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్ళి ఏడు చేపలు తెచ్చి ఎండబెడితే ఒకటి ఎండలేదు. చేపా చేపా ఎందుకు ఎండలేదంటే గడ్డిమేటు అడ్డమొచ్చిందంది. గడ్డిమేటు ఆవు మేయలేదంది. ఆవు పాలేరు మేపలేదంది. పాలేరు అవ్వ బువ్వ పెట్టలేదన్నాడు. అవ్వ పాప ఏడ్చిందంది. పాప చీమ కుట్టిందంది. చీమనడిగితే "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అంది. మీ ఇంట్లో గడ్డిమేటు బదులు గడ్డిమోపు ఉండొచ్చు, పాలేరు బదులు గొల్లవాడు ఉండొచ్చు. ఏదైనా ఒకటే.

ఈ కథను మనం పిల్లలకు వరస గుర్తుండడానికి చెప్పి వదిలేస్తాం. చిన్నపిల్లలకు ఒకరికీ ఇంకొకరికీ మధ్య జరిగేది చూపించడానికి ఇంతకంటే మంచి కథ నాకు దొరకలేదు. మా వరండాలో ఒక ఆదివారం పిల్లల్ని వరసగా నిలబెట్టి తలా ఒక వేషం ఇచ్చాను. జవాబు చెప్పేటప్పుడు ఎవరి పేరు చెబుతున్నారో వాళ్ళ వైపు వేలు చూపించాలన్నాను. చేప గడ్డిమేటు వైపు, గడ్డిమేటు ఆవు వైపు, ఆవు పాలేరు వైపు చూపించుకుంటూ పోయారు. చీమ దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. పక్కన ఇంకెవరూ లేరు. చీమ వేషంలో ఉన్న పిల్ల కాసేపు ఆలోచించి, వెనక్కి తిరిగి, పాపగా నిలబడ్డవాడి వేలు పట్టుకుంది. "వేలు పెట్టింది వీడే కదా!" అంది. అక్కడ మొదలైంది గొడవ. చీమ కూడా అందరిలాగే ఇంకొకరి పేరు చెప్పిందని సగంమంది. కాదు, చీమ ఒక్కటే తను చేసిన పని ఒప్పుకుందని మిగతా సగం. ఆ మాట అన్న పిల్లల్లో ఇంకా బడికి వెళ్ళనివాడు కూడా ఉన్నాడు.

మీ బాబుతో అంత అక్కర్లేదు. కథ అయ్యాక ఒక్కటి అడగండి. "అది చీమ ఇల్లని పాపకు తెలుసా?" వాడు తెలుసంటాడో తెలియదంటాడో, రెండూ సరైనవే. కథలో ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియకపోవచ్చునన్న సంగతి వాడి బుర్రకు తగిలితే చాలు. ఆ తర్వాత నిద్రపోనివ్వండి.

ప్రశ్న: నేను ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుణ్ణి. మా నాలుగో తరగతి పిల్లలు ఏ కథ చెప్పినా "వాడు మంచోడు సార్, వీడు చెడ్డోడు సార్" అని ముగిస్తరు. అంతకు మించి మాట్లాడించుడు ఎట్ల? — ఒక ఉపాధ్యాయుడు, నల్లగొండ జిల్లా

మాస్టారూ, ఆ జవాబును తప్పు పట్టకండి. దాన్నే పట్టుకుని ముందుకు నడిపించండి. "చెడ్డోడా? సరే. ఏ మాట అన్నప్పుడు నీకట్ల అనిపించింది?" అని అడగండి. మనిషి మీద వేసిన ముద్రను ఒక మాట మీదికి తెచ్చారంటే సగం పని అయినట్టే.

దీనికి నేను వాడే కథ పంచతంత్రంలో మిత్రభేదమనే భాగంలోని సింహం, ఎద్దు. పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రికగా తెలుగు చేసినది. ఆయన వాక్యం నాలుగో తరగతివాళ్ళకు కొరుకుడు పడదు గనుక మీ మాటల్లోనే చెప్పండి. పింగళకుడనే సింహానికి అడవిలో ఏదో పెద్ద రంకె వినిపించి భయమేసింది. దమనకుడనే నక్క వెళ్ళి ఆ రంకె వేసిన సంజీవకుడనే ఎద్దును తెచ్చి స్నేహం చేయించింది. సింహం, ఎద్దు ఒకరినొకరు వదలకుండా తిరగసాగాయి. నక్కలకూ మిగతా కొలువుకూ తిండి తగ్గింది. దాంతో కలిపిన దమనకుడే విడగొట్టాలనుకున్నాడు.

ఇక్కడ నిదానించండి. ఈ కథలో అసలు విశేషం దమనకుడు ఆడిన అబద్ధం కాదు, ఆ అబద్ధాన్ని కట్టిన తీరు. సింహం దగ్గరికెళ్ళి "ఎద్దు నీ ప్రాణం తీయాలని చూస్తోంది. నమ్మకపోతే చూడు, కొమ్ములు ముందుకు సాచి, బెదురు చూపులు చూస్తూ వస్తుంది" అన్నాడు. ఎద్దు దగ్గరికెళ్ళి "సింహం నిన్ను చంపబోతోంది. నమ్మకపోతే చూడు, తోక పైకెత్తి, నోరు తెరిచి నీవైపు చూస్తుంది" అన్నాడు. ఇద్దరికీ తలా ఒక గుర్తు చెప్పి పంపాడు. ఇక వాడు అక్కడ ఉండాల్సిన పని కూడా లేదు. భయపడ్డ ఎద్దు బెదురుగా కాక ఇంకెలా నడుస్తుంది? ఆ నడక చూసిన సింహం తోక ఎత్తక ఏం చేస్తుంది? దాని తోక చూసి ఎద్దు కొమ్ములు వంచింది. ఎవరికి చెప్పింది వాళ్ళకు కళ్ళెదుటే నిజమైపోయింది.

మీ తరగతిలో ఇలా చేసి చూడండి. సగంమందిని కాసేపు వరండాలోకి పంపి, లోపలున్నవాళ్ళకు సింహానికి చెప్పిన మాట చెప్పండి. తర్వాత వాళ్ళను బయటికి పంపి, రెండోవాళ్ళను లోపలికి పిలిచి ఎద్దుకు చెప్పిన మాట చెప్పండి. ఇప్పుడు ఒక సింహాన్నీ ఒక ఎద్దునూ మధ్యలోకి నడవమనండి. ఏమీ మాట్లాడకూడదు. మిగతావాళ్ళు ఆ ఇద్దరి కాళ్ళూ కళ్ళూ మాత్రమే చూడాలి. చూసింది చెప్పమనండి. "వాడు దూరంగా ఆగిండు సార్", "వీడు చేతులు గట్టిగ పట్టుకుండు సార్" అని మొదలుపెడతారు. ఆ రోజు మంచోడు, చెడ్డోడు అన్న మాటలు అంతగా వినిపించవు.

తర్వాత బోర్డు మీద మధ్యకు ఒక గీత గీసి, ఒకవైపు 'దమనకుడు అన్న మాట', రెండోవైపు 'విన్నవాళ్ళు చేసిన పని' అని రాసి పిల్లలనే నింపమనండి. ఎవరు ఏం చెప్పినా "కథలో అది ఎక్కడుంది?" అని ఒక్కసారి అడగండి. గద్దించినట్టు కాకుండా, మీకూ తెలుసుకోవాలని ఉన్నట్టు.

ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, "ఎద్దు సింహాన్ని ఒక్కసారి అడిగుంటే అయిపోయేది కద సార్" అని. ఆ మాట ఎప్పుడొస్తుందా అని నేనైతే కాచుకుని కూర్చుంటాను. వచ్చిందే తడవు, "మరి ఎందుకు అడగలే?" అనండి. "భయం", "రాజు కద, రాజునెట్ల అడుగుతం", "అడిగితే ఇంక కోపమొస్తది". గడ్డి తినే ప్రాణి మాంసం తినే రాజు పక్కన బతకడంలో ఎంత బెదురుందో పిల్లలు తమంతట తామే అక్కడికి చేరుకుంటారు. కొంచెం పెద్ద పిల్లలైతే కరటకుడనే రెండో నక్క దగ్గర కూడా ఆగండి. దానికి జరిగేదంతా తెలుసు, దమనకుణ్ణి మందలించింది, కానీ ఆపలేదు. అది ఏ వైపు ఉన్నట్టు? దీనికి తీర్పు మీరు చెప్పకండి.

ఒక జాగ్రత్త. ఈ కథ తర్వాత పిల్లలు తమ బడి సంగతులు ఎత్తుతారు, "వాడు నా గురించి ఇట్లన్నడని వీడు చెప్పిండు" అని. వినండి గానీ తరగతి ముందు పేర్లు చెప్పనివ్వకండి. మాట్లాడాలనుకున్నవాళ్ళను తర్వాత విడిగా పిలవండి.

ప్రశ్న: పుస్తకమే కావాలా? మా పిల్లలు కార్టూన్లు తప్ప ఏమీ ముట్టుకోరు. — ఒక పాఠకురాలు, విజయవాడ

కార్టూనయినా చాలు. ఒక రెండు నిమిషాలు సౌండ్ తీసేసి చూపించండి. ఇద్దరిలో ఎవరు ఎవరి వైపు తిరిగారు, ఎవరు వెనక్కి జరిగారు, ఎవరు ముందు కళ్ళు దించారు అని అడిగి, వాళ్ళేం మాట్లాడుకుని ఉంటారో ఊహించమనండి. తర్వాత సౌండ్ పెట్టి సరిచూసుకోవచ్చు. కాకపోతే చివరికి ఒక పుస్తకం చేతికివ్వండి. తెర మీద ముఖం కనిపించేస్తుంది. పుస్తకంలో ముఖాన్ని పిల్లే కట్టుకోవాలి, ఆ శ్రమలోనే ఎక్కువ నేర్చుకుంటుంది.

ప్రశ్న: మీ సలహా నాకు నచ్చలేదు. పిల్లల్ని కథ హాయిగా విననివ్వండి. ప్రతి కథనూ ప్రశ్నలతో తూట్లు పొడిస్తే పుస్తకం చూస్తేనే పారిపోతారు. మా అమ్మ నాకు ఎన్నో కథలు చెప్పింది, ఒక్క ప్రశ్న అడగలేదు. నాకు మనుషులు అర్థం కాకుండా పోయారా? — ఒక తండ్రి, హైదరాబాద్

మీ కోపంలో నిజముంది, అందుకే మీ ఉత్తరం ఇక్కడ వేశాను. కథ చెబుతూ మధ్యలో ఆపి ప్రశ్నలు వేయడం నాకూ కిట్టదు. మొదటిసారి చెప్పేటప్పుడు ఎక్కడా ఆగకూడదు. పిల్లవాడు కళ్ళు పెద్దవి చేసుకుని "ఊఁ" కొడుతున్నప్పుడు "ఇప్పుడు కుందేలు మనసులో ఏముంది?" అంటే కథ అక్కడే చచ్చిపోతుంది. రెండోసారో మూడోసారో "మళ్ళీ చెప్పు" అని వాడే అడుగుతాడు కదా, అప్పుడు ఒక్క ప్రశ్న. ఒక్కటే. జవాబు రాకపోతే వదిలేయండి. కొన్ని కథలకు అదీ అక్కర్లేదు. ఇక ఎర్ర పెన్నూ మార్కులూ అయితే ఈ పనిలోకి రానే కూడదు.

మీ అమ్మగారు ప్రశ్నలు అడగలేదన్నారు. మీరు అడగలేదా? "పులి ఎందుకు వదిలేసిందమ్మా?" అని మీరు అడిగి ఉంటారు, ఆమె జవాబు చెప్పి ఉంటుంది. ప్రశ్న ఎవరి నోట వచ్చినా మాట్లాడుకోవడం జరిగింది. ఇంకొకటి కూడా ఉంది. మన చిన్నప్పుడు అరుగు మీద పెద్దవాళ్ళ మాటలు మన చెవిన పడుతూనే ఉండేవి. "ఆవిడ అలా అనేసరికి ఈయన కంచం ముందునుంచి లేచి వెళ్ళిపోయాడు, లేకపోతే అంత దూరం వచ్చేదా!" ఎవరు ఏమంటే ఎవరు ఏం చేశారో, దానికి ముందు ఏం జరిగిందో విడమర్చే పనే అది. మా అమ్మమ్మా పక్కింటి పిన్నీ బియ్యం ఏరుతూ ఊళ్ళో ఒక్క పెళ్ళి చెడిన కారణాన్ని మూడు పూటలు చర్చించేవాళ్ళు. మాకు అదే పెద్ద చదువు. ఇప్పటి పిల్లలు తలుపులేసిన ఫ్లాట్లలో పెరుగుతున్నారు. పెద్దవాళ్ళ మాటలు ఫోన్లలో, చెవిలో పెట్టుకున్న వాటిలో జరిగిపోతున్నాయి. ఆ లోటు కొంతైనా తీరాలంటే కథ గురించి మనమే కూర్చుని మాట్లాడాలి. అందుకే ఇంత పట్టుబడుతున్నాను.

ప్రశ్న: మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. ఆవు–పులి కథ చెబితే పులి పక్షం పట్టింది. "పాపం దానికి ఆకలి కదా, చివరికి దానికేం దొరికింది?" అంటోంది. తప్పుగా అర్థం చేసుకుందా? సరిచేయాలా? — ఒక తండ్రి, అనంతపురం

సరిచేయొద్దు! నాకు మీ అమ్మాయిని చూడాలని ఉంది.

అనంతామాత్యుడు పదిహేనో శతాబ్దంలో భోజరాజీయంలో రాసిన గోవ్యాఘ్ర సంవాదం ఇది. అడవిలో పులికి దొరికిన ఆవు, ఇంటి దగ్గర ఉన్న దూడకు పాలిచ్చి వస్తానని బతిమాలుతుంది. పులి నమ్మదు. ఆవు ఒట్లు పెడుతుంది. చివరికి పులి వదులుతుంది. ఆవు ఇంటికెళ్ళి, దూడకు పాలిచ్చి, బుద్ధులు చెప్పి, అన్నమాట ప్రకారం తిరిగొస్తుంది. పులి దాన్ని తినలేకపోతుంది. మనం చెప్పేటప్పుడు ఆవు సత్యం ఒక్కటే చెబుతాం. కానీ ఈ కథలో ఆవు మారలేదు. మొదట ఎలా ఉందో చివరా అలాగే ఉంది. మారింది పులి. చూడవలసినదాని వైపే మీ అమ్మాయి చూస్తోంది.

పులి మూడు చోట్ల మూడు రకాలుగా ఉంది. ఆవును పట్టుకున్నప్పుడు, ఒట్లు వింటూ వదిలేసినప్పుడు, ఆవు తిరిగొచ్చి ఎదురుగా నిలబడ్డప్పుడు. మీ అమ్మాయిని మూడు పులుల బొమ్మలు గీయమనండి, ముఖాలు మూడూ వేరుగా ఉండాలి. తర్వాత అసలు ప్రశ్న. ఆవు వెళ్ళాక, తిరిగొచ్చేలోగా, పులి ఒంటరిగా ఉంది కదా. ఆకలి తగ్గలేదు. వస్తుందో రాదో తెలియదు. అప్పుడు ఏమనుకుంటూ ఉంటుంది? పిల్లలకు చెప్పేటప్పుడు ఆ భాగాన్ని మనం దాటేస్తాం. మీ అమ్మాయినే పులిగా మాట్లాడమనండి.

మా దగ్గర ఒక కుర్రాడు పులిగా ఇలా అన్నాడు: "రాకపోతే బాగుండు. వస్తే తినాలి." నేను కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. వాడికి చదువు రాదని బడిలో వెనక బెంచీలో కూర్చోబెడతారు.

"చివరికి పులికేం దొరికింది?" అన్న ప్రశ్నకు మీరు జవాబు చెప్పకండి. దాన్ని తిరిగి ఆవుకు వేయమనండి. ప్రాణం దక్కిన ఆవు వెళ్ళిపోతూ పులితో ఏమంటుంది? ఆ సంభాషణ మీ అమ్మాయి రాయగలిగితే నాకూ పంపండి.

ప్రశ్న: మా మనవడు డాలస్‌లో. పదేళ్ళు. వీడియో కాల్‌లో రోజూ కథ చెబుతాను. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో చెబుతాడు. ఇలాంటి పిల్లలతో మీరు చెప్పినవి కుదురుతాయా? — ఒక అమ్మమ్మ, రాజమహేంద్రవరం

కుదురుతాయమ్మా. జవాబు ఏ భాషలో చెప్పినా ఫర్వాలేదు. వాడు చూడాల్సింది మనుషుల్ని, అది ఇంగ్లీషులో చెప్పినా చూసినట్టే. భాష దిద్దడం, కథ మాట్లాడడం ఒకే పూట పెట్టుకోకండి, రెండూ చెడతాయి.

మీకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. మీరు మీ అమ్మాయిని "ఏమే, తిన్నావా" అంటారు. అల్లుడుగారిని "మీరు భోంచేశారా బాబూ" అంటారు. మనవణ్ణి "ఒరే కన్నా" అంటారు. ఆ పిల్లవాడు ఇవన్నీ తెర మీద రోజూ వింటూనే ఉన్నాడు. కాబట్టి కథలో మనుషులు ఒకరినొకరు ఎలా పిలుచుకుంటున్నారో గమనించమనండి. అప్పిచ్చినాయన కథ ఏదైనా మీరే కల్పించి చెప్పండి. మొదటి రోజు "రండి రండి, కూర్చోండి, మీకు కాక ఎవరికిస్తాను" అన్నవాడు గడువు దాటాక "ఏమయ్యా, కనపడకుండా తిరుగుతున్నావే" అంటాడు. ఆపైన "ఏరా, ఎగ్గొడదామనా?" అంటాడు. ఎక్కడ మారిందో మనవణ్ణి చెయ్యెత్తమనండి. 'మీరు' కాస్తా 'నువ్వు' అయిన చోట ఇద్దరి మధ్య ఏదో తెగింది. రెండు మూడు కథలయ్యాక వాడే ముందు పట్టేస్తాడు. ఇంట్లోవాళ్ళను కూడా పట్టేస్తాడు, వాళ్ళమ్మను కాస్త సిద్ధంగా ఉండమనండి.

ఇంకొక ఆట. చిన్న చీటీల మీద ఈ మాటలు రాసుకోండి: బతిమాలాడు, గద్దించాడు, నసిగాడు, బుజ్జగించాడు, దెప్పాడు, బుకాయించాడు, గొణిగాడు, కసిరాడు. మీరు కథలో 'అన్నాడు' అని ఆపండి. వాడు ఒక చీటీ ఎన్నుకుని, అదే వాక్యాన్ని ఆ తీరున పలికి వినిపించాలి. "నేను తీయలేదు" అన్న ఒక్క మాటను నసుగుతూ అంటే ఒక మనిషి, బుకాయిస్తూ అంటే ఇంకో మనిషి. వాడి గొంతులో తెలుగు వాక్యం అలా దానంతటదే వచ్చి చేరుతుంది, మీరు అడగకుండానే.

ప్రశ్న: మా పాప తొమ్మిదో తరగతి. 'పాత్ర స్వభావం రాయండి' అన్న ప్రశ్నకు గైడులో ఉన్నది బట్టీ పడుతుంది. ఏ పాత్రకైనా "దయగలవాడు, తెలివైనవాడు, పెద్దలంటే గౌరవం గలవాడు" అనే రాస్తోంది. మార్కులు వస్తున్నాయి. నాకే నచ్చడం లేదు. ఏం చేయాలి? — ఒక తల్లి, ఒంగోలు

మీకు నచ్చకపోవడం న్యాయం. ఆ మూడు మాటలూ ఎవరికైనా అతుకుతాయి, ఎవరినీ చూపించవు. మనిషి ఒంటరిగా నిలబడి ఉన్నప్పుడు స్వభావం తెలియదు. ఎదుటివాళ్ళు ఏదో అన్నప్పుడో, అడిగినప్పుడో, కాదన్నప్పుడో బయటపడుతుంది. కాబట్టి పాపను ఒక పాత్ర గురించి రాయమనకండి. రెండు పాత్రల గురించి రాయమనండి.

తొమ్మిదో తరగతికి సరిపడే ఘట్టం ఒకటి చెబుతాను. వాల్మీకి రామాయణం అయోధ్యకాండలో మంథర, కైక. కైక చెడ్డది, మంథర ఇంకా చెడ్డది, మంథర నూరిపోస్తే కైక విన్నది అని పిల్లలందరూ రాస్తారు. మూలంలో ఏముందో మీరూ పాపా కలిసి మంచి వచనంలో చదవండి. పట్టాభిషేకం వార్త వినగానే కైక సంతోషించి మంథరకు ఒక నగ బహుమతి ఇస్తుంది. రాముడికీ భరతుడికీ తనకు తేడా కనిపించదంటుంది. మంథర కోపంతో ఆ నగను విసిరేస్తుంది. అప్పటికీ కైక లొంగదు, రాముడి గుణాలు చెప్పి సమర్థిస్తుంది. రాముడి తర్వాతైనా భరతుడికి రాజ్యం వస్తుందంటుంది. ఇక్కడ మంథర రెండు మాటలు వేస్తుంది. ఒకటి, రాముడి తర్వాత రాముడి కొడుకు రాజవుతాడు గానీ భరతుడు కాడు. రెండోది నా లెక్కలో అసలుది: భర్త ప్రేమ ఉందన్న గర్వంతో నువ్వు ఇంతకాలం కౌసల్యను చిన్నచూపు చూశావు, ఆమె ఇప్పుడు పగ తీర్చుకోకుండా ఉంటుందా?

ఆ మాటతో కైక మనసు తిరిగిపోయింది. పాపను అక్కడ ఆపి అడగండి. ఇన్ని మాటల్లో ఇదే ఎందుకు తగిలింది? రాముడి మీద చెడు చెబితే కైక నమ్మలేదు. తను చేసింది తనకు గుర్తు చేస్తే భయపడింది. మంథర కొత్తగా ఏదీ కల్పించి పెట్టలేదు, కైక మనసులో ఉన్నదాన్నే తట్టింది. అంతేకాదు, ఏళ్ళ తరబడి పక్కనే ఉన్న దాసి గనుక ఎక్కడ తట్టాలో ఆమెకు తెలుసు. ఇంత వివరం చూశాక 'చెడ్డది' అన్న మాట రాయాలన్నా పాపకు పెన్ను ఆగుతుంది.

రాసే తీరు కూడా చెబుతాను, పరీక్ష ఉంది కదా. ముందు, పాత్ర మొదట ఎలా ఉందో ఒక వాక్యం, కథలోని పనితో సహా. తర్వాత, ఎవరు ఏమన్నారో ఆ మాట. ఆ మాట విన్నాక పాత్ర చేసిన పని. చివరగా, దాన్నిబట్టి మనకు తెలిసే స్వభావం. ఉదాహరణకు: "పట్టాభిషేకం వార్త తెచ్చిన మంథరకు కైక నగ ఇచ్చింది, అంటే అప్పటికి ఆమె మనసులో రాముడి మీద ద్వేషం లేదు. కౌసల్య పగ తీర్చుకుంటుందని మంథర అనగానే రాముణ్ణి అడవికి పంపే దారి అడిగింది. తను చేసిన తప్పుకు తిరిగి అనుభవించవలసి వస్తుందన్న భయం కైకకు ప్రేమ కంటే బలమైనది." ఇందులో విశేషణాలు పెద్దగా లేవు, చెప్పిన ప్రతిదానికీ కథలో ఆధారం ఉంది. నేను పేపర్లు దిద్దిన రోజుల్లో ఇలాంటి జవాబు ఒకటి కనిపిస్తే ఆ పిల్ల ఎవరా అని పేరు లేని ఆ పేపరును మళ్ళీ తిరగేసి చూసేదాన్ని.

గైడును ఇంట్లోంచి పారేయక్కర్లేదు. పాప చేత గైడు జవాబు చదివించి, ఒక్కో విశేషణం పక్కన "ఎవరితో? ఎప్పుడు?" అని పెన్సిలుతో రాయించండి. 'దయగలవాడు', ఎవరితో, ఎప్పుడు? కథలో చోటు దొరికిన విశేషణం ఉంచి, దొరకనిది కొట్టేయమనండి. ఒక పాఠంతో మొదలుపెట్టి, పరీక్షలకు ఇంకా సమయం ఉండగానే రెండు మూడు పాఠాలకు ఇలా చేయించండి. మొదట్లో సమయం ఎక్కువ పడుతుంది. మొదటి జవాబు అరపేజీ దాటకపోయినా అలాగే ఉంచండి, పొడిగించమనకండి.